కాటన్ దొర వేసిన లెక్క, వేయని లెక్క

గోదావరి డెల్టాలో ఊరూరా విగ్రహం ఉన్న ఇంగ్లీషువాడు ఒక్కడే. ఆయన సర్ ఆర్థర్ కాటన్. మన పల్లెల్లో కాటన్ దొర అంటేనే తెలుస్తుంది. రైతులు చందాలు వేసుకుని ఆయన విగ్రహాలు నిలబెట్టారు. ఏటా దండలు వేస్తున్నారు. గోదావరి స్నానానికి వచ్చినవారి చేత సంకల్పంలో ఆయన పేరు పలికించే పురోహితులు కూడా ఉన్నారు. తెల్లవాళ్ల పాలన మీద తిరగబడ్డ గడ్డ మీద ఒక తెల్లవాడికి ఇంత గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. నీళ్లిచ్చిన చేతిని జనం మరిచిపోరు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

అయితే ఆనకట్ట కట్టడానికి ముందు కాటన్ దొర ఒక లెక్క వేశాడు. శిస్తు ఎందుకు పడిపోతోంది, జనం ఎందుకు చచ్చిపోతున్నారు, ఒక రూపాయి నీటి మీద పెడితే సర్కారుకు ఎన్ని రూపాయలు తిరిగి వస్తాయి అన్న లెక్క అది. ఆ లెక్క వల్లనే కంపెనీ దొరలు డబ్బు విడుదల చేశారు. విగ్రహం కింద చెక్కిన పలకలో ఈ సంగతి ఉండదు. చేలో దిగి పనిచేసే మనం మాత్రం ఆ లెక్కను తెలుసుకుని తీరాలి. ఎందుకంటే అందులో మన పద్దు రాయనే లేదు.

కరువులు, శిస్తులు

కాటన్ రాకముందు ఈ ప్రాంతాన్ని రాజమండ్రి జిల్లా అనేవారు. 1802-03లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. పెద్దాపురం, పిఠాపురం, మొగల్తూరు వంటి జమీలు ఏటా ఇంత పేష్కషు కట్టాలని నిర్ణయించింది. వాన పడినా పడకపోయినా ఆ మొత్తం కట్టి తీరాలి. జమీందారు ఆ బరువునంతా రైతు నెత్తిన వేశాడు. కట్టలేని జమీలు వేలానికి వచ్చాయి. కొనేవాడు దొరకనప్పుడు కంపెనీయే తీసుకుని గుత్తదార్లకు ఇచ్చింది. గుత్తదారు ఒకటి రెండేళ్లలో లాగవలసిందంతా లాగి వెళ్లిపోయేవాడు. చెరువు గట్టు తెగితే పూడ్చేవాడు లేడు. కాలవ పూడితే తవ్వేవాడు లేడు.

దానికి తోడు నేతపని కూలిపోయింది. మాధవాయిపాలెం, ఇంజరం రేవుల్లో కంపెనీ బట్టలు కొని సీమకు పంపేది. సీమలో మరమగ్గాలు వచ్చాక ఆ కొనుగోళ్లు ఆగిపోయాయి. 1830 ప్రాంతానికల్లా ఆ వ్యాపారం మూతపడింది. మగ్గం మీద బతికే కుటుంబాలు రోడ్డున పడ్డాయి. చేతిలో పైసా లేకుండా పోయిన సాలెవాడు ధాన్యం కొనలేడు. ధాన్యం అమ్ముడుపోని రైతు శిస్తు కట్టలేడు. అంగడి ఒకచోట తెగితే గొలుసంతా తెగుతుంది.

ఇలాంటి సమయంలో నందన కరువు వచ్చింది. నందన సంవత్సరంలో, అంటే 1832-33లో, పక్కనున్న గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. రాజమండ్రి జిల్లా కూడా ఆ దెబ్బ తిన్నది. 1839 నవంబరులో వచ్చిన తుపానుకు సముద్రం పొంగి కోరంగి రేవు కొట్టుకుపోయింది. 1821లో 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారింది. ఇరవై ఏళ్లలో లక్షా డెబ్బై వేల మందికి పైగా తగ్గిపోయారు. కొందరు చనిపోయారు, కొందరు పొట్ట చేతబట్టుకుని వలసపోయారు. అంతటి నది పక్కనే పారుతూ సముద్రంలో కలుస్తూంటే, గట్టు మీద జనం దాహంతో, ఆకలితో చచ్చారు.

జనం పోయినందుకు కంపెనీ కదలలేదు. శిస్తు పడిపోయినందుకు కదిలింది. 1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని విచారణకు పంపింది. 1844లో ఆయన నివేదిక ఇచ్చాడు. గుత్త పద్ధతి జిల్లాను నాశనం చేసిందని, నీటి పనులు జరగకపోతే ఈ జిల్లా కోలుకోదని తేల్చాడు. అనుభవమున్న ఇంజనీరును పంపి గోదావరిని పరీక్ష చేయించమని సలహా ఇచ్చాడు. అప్పటికి విశాఖపట్నంలో ఉన్న కాటన్‌కు ఆ పని అప్పగించారు.

ఎవరీ కాటన్?

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పెద్ద కుటుంబం. తండ్రికి ఆయన పదో కొడుకు. ఆడిస్కంబులో కంపెనీ సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. 1821లో, పద్దెనిమిదేళ్ల వయసులో, మద్రాసు ఇంజనీర్ల దళంలో పని చెయ్యడానికి ఈ దేశం వచ్చాడు. మొదటి బర్మా యుద్ధానికి కూడా వెళ్లివచ్చాడు. తరవాత తంజావూరు వైపు కావేరి పనుల్లో పడ్డాడు. అక్కడే ఆయన అసలు చదువు మొదలైంది.

కావేరి మీద చోళుల కాలంనాటి కల్లణై ఉంది. మన పూర్వులు ఇసక మీద రాళ్లు పేర్చి కట్టిన ఆనకట్ట అది. ఇసక నేల మీద పునాది ఎట్లా నిలుస్తుందో కాటన్ దాన్ని చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతిని ఆయన దాచుకోలేదు. దేశీయ మేస్త్రీల పనితనాన్ని తన రాతల్లో ఒప్పుకున్నాడు. 1836లో కొల్లడం నది మీద రెండు ఆనకట్టలు కట్టాడు. దాంతో తంజావూరు డెల్టాకు నీటి భద్రత వచ్చింది, సర్కారు శిస్తు పెరిగింది. ఈ అనుభవంతోనే ఆయన గోదావరి దగ్గరకు వచ్చాడు.

కాటన్ మనిషి మొండివాడు. మతభక్తి గట్టిగా ఉన్నవాడు. ఆరోగ్యం మాత్రం అంతంతమాత్రం. జ్వరాలతో పడిలేస్తూనే గోదావరి వెంట, పాయల వెంట, లంకల వెంట తిరిగి కొలతలు వేశాడు. 1844లో ఒక నివేదిక, 1845లో ఇంకొకటి రాశాడు.

ఆయన వేసిన లెక్క

ఆ నివేదికల్లో ఇంజనీరింగు ఎంత ఉందో ఆర్థిక విచారణ అంత ఉంది. తంజావూరును పక్కన పెట్టి రాజమండ్రిని తూచాడు. నేల రెండు చోట్లా ఒండ్రు నేలే. నది రెండు చోట్లా ఉంది. తంజావూరు శిస్తు పెరుగుతోంది, రాజమండ్రి శిస్తు తరుగుతోంది. తేడా ఎక్కడుంది? నీటిని పొలానికి తిప్పిన చోట సిరి ఉంది, తిప్పని చోట కరువు ఉంది. కరువు దేవుడి శాపం అని అప్పటి అధికారులు చెప్పుకునేవారు. పన్ను తీసుకుని నేలకు తిరిగి ఏమీ పెట్టని పాలనే ఇందులో పెద్ద దోషి అని కాటన్ లెక్క చూపించింది.

ధవళేశ్వరం దగ్గర నది చీలి గౌతమి, వశిష్ఠ పాయలుగా పోతుంది. అక్కడ ఆనకట్ట కట్టి రెండు వైపులా, మధ్య డెల్టాకూ కాలవలు తవ్వితే పది లక్షల ఎకరాలు సాగులోకి తేవచ్చునని ఆయన చెప్పాడు. పెట్టిన డబ్బు శిస్తు రూపంలో కొద్ది ఏళ్లలోనే తిరిగి వస్తుందని, ఆ తరవాత ఏటేటా లాభమేనని అంకెలు వేసి చూపాడు. కాలవల్లో పడవలు నడిస్తే ధాన్యం చౌకగా రేవుకు చేరుతుందని, అంగడి తెరుచుకుంటే రైతుకు ధర వస్తుందని, ధర వస్తే శిస్తు కట్టగలడని వివరించాడు. దయ చూపించమని అడిగితే లండన్లో వినేవాడు లేడు. లాభం చూపించాడు కాబట్టి విన్నారు. 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది.

కట్టిన చేతులు

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, మధ్య లంకలను కలుపుతూ, రెండుంబావు మైళ్ల రాతి కట్టడం కట్టాలి. వరద తగ్గాక మొదలుపెట్టి మళ్లీ వరద వచ్చేలోగా పని తీర్చుకోవాలి. ఎండాకాలమంతా ఇసక మంటల మీద పని. ధవళేశ్వరం కొండను పగలగొట్టి రాయి తీశారు. రాయిని ఏటి ఒడ్డుకు లాగడానికి ఇనప పట్టాలు వేసి బండ్లు నడిపారు. మన దేశంలో ప్రయాణీకుల రైలు నడవకముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్ల బండ్లు నడిచాయి.

ఆ రాయి కొట్టిందెవరు? ఆ మట్టి మోసిందెవరు? రాతిపని, మట్టిపని కులవృత్తులుగా బతికిన పేదలు, కరువుకు చితికిపోయి కూలికి వచ్చిన పల్లెజనం, ఆడా మగా వేల సంఖ్యలో అక్కడ పనిచేశారు. వాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. కాటన్‌కు కుడిభుజంలా నిలిచిన వీణం వీరన్న పేరు ఒక్కటి జనం నోట నిలిచింది. కూలీలను కూడగట్టి పని నడిపించిన మనవాడు ఆయన. 1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్లిపోయినప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

ఆ రోజుల్లోనే కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 కమానులతో నీటి వంతెన కట్టి నగరం లంకకు నీళ్లు తీసుకుపోయారు. ఆ పని హేగ్ అనే ఇంజనీరు నడిపాడు. దాని కింద కూడా లెక్కలోకి రాని చేతులు వేలున్నాయి.

పండిందెంత, పోయిందెంత

నీళ్లు వచ్చాయి. మెట్టచేలు మాగాణి అయ్యాయి. కాకినాడ రేవుకు కాలవల మీద ధాన్యం పడవలు కదిలాయి. 1876-78లో మద్రాసు రాష్ట్రాన్ని మహా కరువు పట్టి లక్షలాది మందిని మింగినప్పుడు ఈ డెల్టా నిలబడింది, ఇతరులకు గింజలు కూడా పంపింది. 1891 జనాభా లెక్కల్లో గోదావరి జిల్లాలో 20 లక్షల 78 వేల మంది తేలారు. మధ్యలో జిల్లా ఎల్లలు మారి పెద్దవయ్యాయి కాబట్టి పెరిగినదంతా నీటి పుణ్యమే అనలేం. అయినా వలసపోయిన నేల వలస వచ్చే నేలగా మారిందన్నది నిజం.

సర్కారు తన వాటా మరచిపోలేదు. 1860లలో రైత్వారీ శిస్తు కట్టారు. 1865లో మద్రాసు నీటి తీరువా చట్టం వచ్చింది. నీరు తాకిన ప్రతి చేనుకూ ఖరీదు కట్టారు. ఆనకట్ట కంపెనీకి, తరవాత రాణీగారి సర్కారుకు కామధేనువు అయింది.

కాటన్ ఈ లాభాన్ని చూపించే సీమలో వాదన మొదలుపెట్టాడు. 1854లో మన దేశపు ప్రజోపయోగ పనుల గురించి పుస్తకం అచ్చువేశాడు. అంతకు ముందు సంవత్సరమే, 1853లో, కార్ల్ మార్క్సు ఒక అమెరికా పత్రికకు మన దేశం గురించి వ్యాసాలు రాశాడు. ఆసియా దేశాల్లో నీటి పనులు చూడడం సర్కారు విధి అని, ఇంగ్లీషువాళ్లు పన్ను వసూలునూ యుద్ధాన్నీ తీసుకుని నీటి పనులను గాలికి వదిలేశారని వాటిలో చెప్పాడు. ఒకడు సామ్రాజ్యానికి నౌకరు, ఇంకొకడు దాన్ని కూల్చాలన్నవాడు. ఇద్దరి వేలూ ఒకే పుండు మీద పడింది.

రైళ్లా, కాలవలా?

కాటన్ జీవితంలో రెండో సగమంతా ఈ తగాదాయే. ఆ రోజుల్లో రైలు కంపెనీల్లో డబ్బు పెట్టిన సీమ షావుకార్లకు సర్కారు నూటికి అయిదు చొప్పున లాభం పూచీ ఇచ్చింది. రైలుకు ఆదాయం రాకపోతే ఆ తరుగు మన పన్నుల్లోంచి కట్టేవారు. అంటే మన బక్కరైతు శిస్తు లండన్ వాటాదారు జేబులోకి వెళ్లేది. రైలు కరువులో గింజ పండించలేదని, కాలవ పంటా ఇస్తుంది, రవాణా ఇస్తుందని కాటన్ వాదించాడు. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. మాట చెల్లుబాటు మాత్రం రాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి దాచకూడదు. కాటన్ వెనక నిలబడ్డవారిలో మాంచెస్టరు మిల్లు యజమానులున్నారు. బేరారు పత్తి గోదావరి మీదుగా చౌకగా సముద్రానికి చేరాలని వాళ్ల ఆశ. అందుకోసం ఎగువ గోదావరిలో దుమ్ముగూడెం దగ్గర పనులు మొదలుపెట్టారు. లాభం కనపడక 1871లో వదిలేశారు. కర్నూలు-కడప కాలవ కథ ఇంకా చేదు. కాటన్ ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ పుట్టింది. పది లక్షల పౌన్ల మీద దానికీ నూటికి అయిదు పూచీ ఇచ్చారు. నల్లరేగడి మెట్ట రైతులు ఆ తీరువాకు నీళ్లు తీసుకోలేదు. కంపెనీ దివాలా దారి పట్టింది. 1882లో సర్కారు దాన్ని కొనేసింది. నష్టం మళ్లీ పన్ను కట్టేవాడి నెత్తినే పడింది. రైళ్ల విషయంలో కాటన్ ఏ జబ్బును చూపించాడో, నీటి పనుల్లో ప్రైవేటు పెట్టుబడి దిగేసరికి అదే జబ్బు అంటుకుంది.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయన సాక్ష్యం చెప్పాడు. దేశమంతా నదులను కాలవలతో కలపాలన్నాడు. కమిటీ ఆయన్ని నిలువునా ప్రశ్నించింది, ఆయన పథకాన్ని పక్కన పెట్టింది. ఆ సాక్ష్యం వృథా కాలేదు. తరవాత రమేశ్ చంద్ర దత్తు మన దేశపు ఆర్థిక చరిత్ర రాస్తూ, రైళ్ల మీద ఖర్చుకూ నీటి మీద ఖర్చుకూ ఉన్న తేడాను కాటన్ సాక్ష్యంతోనే ఎత్తి చూపాడు. సామ్రాజ్యపు ఇంజనీరు లెక్క జాతీయోద్యమానికి ఆయుధం అయింది.

కాటన్ చివరి రోజులు ఇంగ్లండులో డోర్కింగు అనే ఊళ్లో గడిపాడు. ఆ వయసులో కూడా నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ దిగుబడి లెక్కలు చూసుకునేవాడు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో చనిపోయాడు.

వేయని లెక్క

నీటికి న్యాయం తెలియదు. అది భూమి ఎవరి చేతిలో ఉంటే వాడి చేనులోకే పోతుంది. కాటన్ లెక్కలో సర్కారు ఉంది, రైతు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు. అప్పటికే భూమిలేని మాలమాదిగ పాలేళ్లకు, కౌలు మీద బతికే చిన్నవాడికి అందులో విడిగా గడి లేదు. ఎకరం ఖరీదు పెరిగింది. దాంతో మక్తా పెరిగింది. పెరిగినదంతా కూలికి రాలేదు. నేల లేనివాడు పంట ఎంత పండినా కుంచాల్లో కొలిచిన ధాన్యానికే కట్టుబడ్డాడు.

కూలివాడి బతుకు కాగితం మీదకు రావడానికి చాలాకాలం పట్టింది. 1918లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర ఆచార్యుడు గిల్బర్టు స్లేటరు దక్షిణాది పల్లెల సర్వే అచ్చువేశాడు. అందులో మన ఊనగట్ల గ్రామం కూడా ఉంది. 1926లో ఎన్.జి. రంగా డెల్టా పల్లెల ఆర్థిక స్థితి మీద పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి సర్కారు కృష్ణా గోదావరి డెల్టాల్లో రూపాయికి మూడణాల చొప్పున శిస్తు పెంచబోతే, రైతు సంఘాలు ఇలాంటి అంకెలే పట్టుకుని పోరాడాయి. ఆ పోరాటంలో రైతు ఖర్చుల జాబితా వేసినప్పుడు కూలి కూడా ఒక ఖర్చుగానే కనిపించింది. కూలి అనేది ఇంకొక ఇంటి ఆదాయం అని చూడగలిగినప్పుడే రెండు ఇళ్లూ ఒకే పోరాటంలోకి వస్తాయి.

పాత ఆనకట్ట స్థానంలో 1970లో పని మొదలుపెట్టి 1982లో కొత్త బ్యారేజి పూర్తి చేశారు. దానికి కాటన్ పేరే పెట్టారు. నీళ్లు ఇప్పటికీ పది లక్షల ఎకరాలకు పోతున్నాయి. కాని చేలో దిగేవాళ్లలో చాలామంది సొంతదారులు కారు, కౌలుదార్లు. 1956 నాటి కౌలు చట్టం పుస్తకంలో ఉంది, కాగితం రాసిచ్చే యజమాని అరుదు. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. అదే ఏడాది కోనసీమ రైతులు ఖర్చులు రావడం లేదని ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆ వార్త చదివింది. రైతు నష్టం గురించి కమిటీలు, లెక్కలు వచ్చాయి. ఊడ్పులు లేక, కోతలు లేక కూలి జనం పోగొట్టుకున్న పనిదినాలను ఎంతమంది లెక్కపెట్టారు? వరి చేలు రొయ్యల చెరువులైన చోట్ల కూడా ఇదే ప్రశ్న. చెరువు యజమాని లాభనష్టాలు అందరికీ తెలుసు. ఊడ్పు, కలుపు, కోత పోయిన ఆడవాళ్ల కూలి ఏ పుస్తకంలో ఉంది?

కాటన్‌ను దేవుణ్ణి చేసి మొక్కితే ఆయన మనకు ఉపయోగపడడు. ఆయన దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. కొలవకుండా నోరు విప్పలేదు. కొలిచాక నోరు మూయలేదు. పార్లమెంటు కసిరినా తన అంకె మార్చుకోలేదు. ఆ అలవాటు మన సంఘాలకు రావాలి. మన ఊళ్లో ఆయకట్టు ఎన్ని ఎకరాలు, అందులో సొంత సాగు ఎంత, కౌలు ఎంత, ఎకరానికి మక్తా ఎన్ని బస్తాలు, ఏడాదికి ఆడవాళ్లకు ఎన్ని రోజుల పని, మగవాళ్లకు ఎన్ని రోజులు, ఎంత కూలి, ఎంత అప్పు, ఎంత వడ్డీ. ఇది రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పేటలో చదువుకున్న పిల్లలు ఇద్దరు, ఒక నోటు పుస్తకం చాలు. మండల కార్యాలయానికి అర్జీతో వెళ్లేటప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకువెళ్లాలి. కాటన్ వేసిన లెక్క గోదావరికి ఆనకట్ట తెచ్చింది. ఆయన వదిలేసిన గడిని నింపవలసింది కూలి జనమే.